సెక్రటరీ గారు ఇంట్లో లేరు

మందిరానికి శ్లాబు పోసిన రోజునే మా అబ్బాయి చెయ్యి విరిగింది.

శ్లాబు పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిల్లరు తిరగడం మొదలయ్యాక మధ్యలో ఆపకూడదు. ఆపితే అక్కడ అతుకు పడుతుంది, వానాకాలంలో ఆ అతుకులోంచే నీళ్ళు దిగుతాయి. మా చర్చి సంఘం పదకొండేళ్ళు కూడబెట్టిన డబ్బు అది. అందులో గుప్పెడు బియ్యం అమ్మగా వచ్చిన రూపాయలున్నాయి. బెంగుళూరులో అపార్టుమెంట్లకి రంగులేసే మా ఊరి కుర్రాళ్ళు ఫోన్‌పేలో పంపినవి ఉన్నాయి. ఒక ముసలామె మేకపోతును అమ్మి తెచ్చి ఇచ్చినవి ఉన్నాయి. తుపాన్లు మొదలు కాకముందే పోసెయ్యాలని అక్టోబరు రెండో శనివారం పెట్టుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళినవాణ్ణి, మధ్యాహ్నం రెండయినా మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. ఇసుక తక్కువ పడింది. రెండో ట్రాక్టరు డ్రైవరు అదుగో వస్తున్నా, ఇదుగో వస్తున్నా అంటున్నాడు. ఫోను సైలెంట్లో పెట్టి జేబులో వేసుకున్నాను. తీసి చూసినప్పుడల్లా ‘ఇల్లు’ అని మిస్డ్ కాల్. ఇంటి నుంచి ఫోనంటే అన్నానికి వస్తావా రావా అనే కదా అనుకున్నాను.

అప్పుడు తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. ట్రాక్టరు డ్రైవరో, సంఘంలో ఎవరో అని వెంటనే ఎత్తి, “వందనాలండీ, చెప్పండి” అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత “నేనే నాన్నా” అంది మా అమ్మాయి. పక్కింటివాళ్ళ ఫోను నుంచి చేస్తోంది. తమ్ముడు బాదంచెట్టు మీంచి పడ్డాడని, చెయ్యి వంకరపోయిందని, అమ్మ ఆటోలో ఒంగోలు తీసుకుపోయిందని చెప్పింది. చెప్పాల్సింది చెప్పేసి, “మన ఫోను నుంచి పన్నెండుసార్లు చేశాం. వేరే నంబరయితే ఒక్క రింగుకే ఎత్తావు” అంది. ఏడవలేదు. పాలలెక్క చెప్పినట్టు చెప్పింది. ఆమాట కంటే ముందు ఆమె ఊరుకున్న ఆ రెండు క్షణాలే నన్ను ఎక్కువ పట్టుకున్నాయి. నా గొంతు విని ఎవరిదో అనుకుందట. ఇంట్లో నేను ఆ గొంతుతో మాట్లాడగా తను వినలేదు.

వెంటనే బయల్దేరానని రాస్తే బాగుండేది. వెళ్ళలేదు. ఇసుక వచ్చేదాకా ఆగాను. ఇరవై నిమిషాలు.

ఆసుపత్రికి చేరేసరికి వాడికి కట్టు వేస్తున్నారు. నా చొక్కా నిండా సిమెంటు. మా ఆవిడ తలెత్తి చూసి, “శ్లాబు అయిందా?” అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. ఆ శ్లాబు కోసం తను కూడా ఏళ్ళ తరబడి పూటకో గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టింది మరి.

మాది మద్దిపాడు వైపు, గుండ్లకమ్మకి దగ్గర్లో ఉన్న ఊరు. వెల్లంపల్లి పొగాకు వేలం కేంద్రంలో కొనుగోలు చేసే ఒక వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. వేలం సాగినన్నాళ్ళు బేళ్ళు, తూకాలు, గ్రేడులు తప్ప వేరే లోకం ఉండదు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఈ కథ జరిగేనాటికి అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఆరు.

బాప్టిస్టు సంఘం మాది. మావైపు సంఘాలకి వెల్లంపల్లి అనగానే పొగాకు గుర్తు రాదు. 1878 జూలై 3న ఆ ఊరి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకు ముందు 1876లో మొదలైన పెద్ద కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఒంగోలు మిషనులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలి పని ఇప్పించారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్ళు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అందుకే కరువు తీరాక అంతమంది ఒక్కసారిగా వచ్చారు. మా తాతగారి తాత ఆరోజు ఏట్లో దిగినవాళ్ళలో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. రాతలో ఆధారం ఏమీ లేదు గానీ, మా నాయన ఆ కథ చెప్పేటప్పుడు ఆ నీళ్ళు తన ఒంటిమీంచే కారుతున్నట్టు చెప్పేవాడు. మా తాత మందిరంలో గంట కొట్టాడు. మా నాయన సంఘపెద్దగా చేశాడు. నేను సెక్రటరీని.

తొమ్మిదేళ్ళ కిందట సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి “అబ్బాయి అక్షరం ముత్యాల్లా ఉంటుంది, మినిట్సు రాస్తాడు” అన్నాడు. అందరూ చేతులెత్తారు. రెండేళ్ళకోసారి ఎన్నిక. ప్రతిసారీ అలాగే చేతులెత్తడం, అలాగే చప్పట్లు. జీతం లేదు, బత్తెం లేదు. పైగా సంఘం ఫోన్లకీ పెట్రోలుకీ నా జేబే.

ఆదివారం ఆరాధన. మంగళవారం యవనస్థుల కూటం. బుధవారం గృహప్రార్థనలు. శుక్రవారం ఉపవాస కూటం. శనివారం సిద్ధపాటు కూడిక. ఇక మిగిలింది సోమ, గురువారాలు. అందులో ఒకటి కమిటీకి పోతుంది, రెండోది ఎవరింట్లోనో తగువుకి పోతుంది. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులూ ఏదో ఒక ఇంట్లో ప్రార్థన. మే నెలలో పిల్లలకి వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి. డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మసులు, కేరల్స్ రౌండు, బట్టల పంపకం, ముప్పై ఒకటి రాత్రి ఆరాధన, వాగ్దాన కార్డులు. వీటి మధ్యలో చావులు. చావుకి క్యాలెండరు ఉండదు కదా. రాత్రి పన్నెండింటికి ఫోనొస్తే ఫ్రీజర్ బాక్సు, పెట్టె, గొయ్యి, మైకు, బంధువులకి టీలు అన్నీ సెక్రటరీయే చూడాలి.

“చూడాలి” అని రాశానా, అక్కడే ఉంది అసలు సంగతి. చూడాలని ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి పాలబ్బాయికి డబ్బులివ్వడానికి వంటింట్లో క్యాలెండరు తీశాను. సంఘంలో పంచిన క్యాలెండరే, నెలకో వాక్యం ఉంటుంది. రోజుకి ఎన్ని పాలు పోశాడో మా ఆవిడ అంకెల్లో రాస్తుంది. సెప్టెంబరు కాగితం మీద కొన్ని తేదీల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. లెక్కపెడితే ఆరు.

“ఆరు రోజులు ఎగ్గొట్టాడా ఏంటి?” అన్నాను.

“అవి పాలలెక్క కాదులే” అంది పిండి కలుపుతూ. “నువ్వు రాత్రి మాతో కూర్చుని అన్నం తిన్న రోజులు.”

ఆగస్టు తిప్పాను. ఎనిమిది. జూలై, వేలం సీజను, నాలుగు. ఎన్నాళ్ళ నుంచి రాస్తోందని అడిగితే, ఊరికే రాశానంది. నాకు చూపించడానికి కాదంది. బహుశా నిజమే. నేను క్యాలెండరు తియ్యకపోతే ఆ కాగితం డిసెంబరు తర్వాత అల్మరాలో కిందపరుపు అయ్యేది. నలుగురి లెక్కలూ రాసి తప్పులు పట్టేవాణ్ణి, నా లెక్క వంటింటి గోడమీద నడుస్తోందని నాకు తెలియదు.

ఆరోజు రాత్రి మొదటిసారి మేమిద్దరం ఈ విషయం మాట్లాడుకున్నాం. పోట్లాట ఏమీ కాలేదు. అయినా తను అన్న ఒక మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. “నువ్వు పేకాటకి పోతుంటే తిట్టేదాన్నయ్యా. తాగొస్తే మా నాన్నని పిలిపించేదాన్ని. దేవుడి పనికి పోతున్నావు. ఎవరికి చెప్పుకోవాలి నేను? ప్రార్థన చేద్దామన్నా ఆయన దగ్గరికే కదా నువ్వు పోయింది.”

నేను ఏమని సమాధానం చెప్పానో రాయడం కంటే, చెప్పని సమాధానం రాయడం మేలు. నాకు అక్కడ బాగుండేది. మందిరంలో నేను అడుగుపెడితే కుర్చీ వేస్తారు. “సెక్రటరీ గారూ” అంటారు. నామాట అడిగి చేస్తారు. ఇంట్లో నేను గ్యాసు బుక్ చెయ్యడం మర్చిపోయిన మనిషిని. కుళాయి కారుతోందని మూడు నెలలుగా చెప్పించుకుంటున్న మనిషిని. ఆఫీసులో షావుకారు ముందు నిలబడే మనిషిని. వారంలో ఐదు రాత్రులు నన్ను మోసింది భక్తి ఒక్కటే అని చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. భక్తి లేదనడం లేదు. అందులో ఆ కుర్చీ కూడా ఉంది.

మనవడి చెయ్యి చూడటానికి కనిగిరి నుంచి మా మామగారు వచ్చారు. ఆయనా ముప్పై ఏళ్ళు సంఘపెద్దగా చేసిన మనిషే. నన్ను తప్పు పడతాడేమోనని ముందే జంకాను. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోరోజు అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ, “అబ్బాయా, మా పెద్దోడు మందిరానికి ఎందుకు రాడో నీకు తెలుసా?” అన్నాడు. తెలియదన్నాను. తాగుడు వల్ల అనుకునేవాణ్ణి. “తాగుడు తర్వాత వచ్చింది. మందిరం మా నాన్నని మింగేసిందన్నాడు వాళ్ళమ్మతో. నాతో అనలేదు. నాతో ఎప్పుడూ ఏమీ అనలేదు వాడు.” కాసిని పప్పులు మనవడి చేతిలో పోసి, “నువ్వు మానుకో అని చెప్పను. నేనే మానుకోలేదు. ఏం పనులు చేస్తున్నావో ఒక కాగితం మీద రాయి” అన్నాడు.

రాశాను. రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. నలభై ఒక్క పనులు. మినిట్సు, ఉత్తరాలు, సమావేశాలు పిలవడం, సభ్యుల పట్టీ, పెళ్ళిళ్ళ ప్రకటనలూ రిజిస్టరూ, బాప్తిస్మ సర్టిఫికెట్లు. ఇలాంటివి, అంటే సెక్రటరీ చెయ్యాల్సినవి, తొమ్మిది. మిగతా ముప్పై రెండూ చూడండి: మైకు బ్యాటరీ ఛార్జింగు, పట్టాలు పరవడం, ఫ్యాను రిపేరు, మూడు తాళంచెవులు, నీళ్ళ ట్యాంకు కడిగించడం, సంస్కారం బల్లకి ద్రాక్షరసం తేవడం, కరెంటు బిల్లు. ట్రెజరరు చెయ్యాల్సిన చిట్టా కూడా నేనే రాస్తున్నాను, ఆయన సంతకం మాత్రం పెడుతున్నాడు. మా ఆవిడ కాగితం అంతా చదివి, పెన్ను తీసుకుని కింద నలభై రెండు వేసింది: పాస్టరు గారి బండికి పెట్రోలు.

ఆ కాగితం పట్టుకుని పాస్టరు గారింటికి వెళ్ళాను. సెక్రటరీగా ఉంటాను గానీ ఈ ముప్పై మూడూ పంచేద్దామన్నాను. ఆయన మంచివాడు, కానీ ఆయనకి నేనంటే చేతికర్ర. కర్ర మాట్లాడినట్టు చూశాడు. అక్కడే కూర్చున్న ఒక సంఘపెద్ద, నాగలి మీద చెయ్యి వేసినవాడు వెనక్కి చూడకూడదు కదా బాబూ అన్నాడు. ఆమాట నాకు సూదిలా దిగింది, ఎందుకంటే అది నా మాటే. నాలుగేళ్ళ కింద అప్పటి ట్రెజరరు, భార్య మంచాన పడిందని మానుకుంటానంటే, నేనే ఆయనతో ఆ వాక్యం చెప్పాను. ఆయన ఇంకో ఏడాది చేశాడు. ఆ ఏడాదే ఆమె పోయింది. ఆయన దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను తర్వాత. ఆయన పెద్దగా మాట్లాడలేదు, టీ ఇచ్చాడు.

నా పక్షాన మాట్లాడింది పాస్టరమ్మగారు. టీ గ్లాసులు తెచ్చి పెడుతూ, “కానివ్వండి. వాళ్ళ పిల్లలకన్నా నాన్న దొరకనీండి. మా పిల్లలకి ఆయన స్టేజీ మీదే కనిపిస్తారు” అని లోపలికి వెళ్ళిపోయింది. పాస్టరు గారు ఆ టీ చల్లారేదాకా తాగలేదు.

కమిటీలో ఈ సంగతి పెట్టినప్పుడు పని పంచుకోవడమంటే భక్తి తగ్గడమే అన్నట్టు కొందరు మాట్లాడారు. మన పెద్దలు ఎంత కష్టపడ్డారు, వెల్లంపల్లిలో ఆరోజు, అంటూ మొదలుపెట్టాడు నాగలి పెద్దాయన. ఆ కథ నాకూ వచ్చు కదా. “ఆ 2,222 మందికీ ఒక్కరే ఇవ్వలేదు తాతా. ఆరుగురు బోధకులున్నారు. ఇద్దరు నీళ్ళలో ఉంటే మిగతావాళ్ళు గట్టు మీద ఉన్నారు. వీళ్ళు అలిసిపోతే వాళ్ళు దిగారు” అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “అవును, వంతులు వేసుకున్నారు” అన్నాడు. తర్వాత అంతా సులువుగా అయిందని కాదు గానీ, వంతు అనే మాట మాత్రం ఆరోజు నుంచి మా సంఘంలో చెడ్డమాట కాలేదు.

మైకు, కరెంటు కుర్రాళ్ళకి పోయాయి. శ్లాబు తడపడం దగ్గర్నుంచి ప్లాస్టరింగుదాకా రిటైరయిన మేస్త్రీ ఒకాయన తీసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన్ని ఎవరూ అడగలేదు, నేను ఇసుక బేరం ఆడుతుంటే పక్కన నిలబడి చూసేవాడు. ప్రేమవిందు, బట్టల పంపకం స్త్రీల సమాజానికి. చిట్టా ట్రెజరరే రాయాలి, బ్యాంకులో ఇద్దరి సంతకం. చావులకి నలుగురు. తాళంచెవులు మూడు ఇళ్ళకి. నాకు తొమ్మిది పనులు, దాంతోపాటు సోమ, గురువారాలు ఇంట్లో. పెట్రోలు సంగతి మాత్రం తేలలేదు, ఇప్పటికీ నేనే పోయిస్తున్నాను.

మొదటి పరీక్ష నవంబరులో వచ్చింది. సోమవారం రాత్రి ఎనిమిదింటప్పుడు పైవీధిలో ఒక పెద్దామె పోయింది. నలుగురి జట్టు వెళ్ళింది. నేను కూడా వెళ్ళి కుటుంబాన్ని పలకరించి, ప్రార్థన అయ్యాక ఇంటికి వచ్చేశాను. వచ్చి కూర్చున్నాను గానీ నా చేతులు ఊరుకోవడం లేదు. రెండుసార్లు బండి స్టాండు తీసి మళ్ళీ వేశాను. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి, కట్టు చేతిని ఇంకో చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. ఏమీ అనలేదు. మూడోసారి తియ్యలేదు. రాత్రి కరెంటు పోయిందట, జనరేటరుకి డీజిల్ లేదట. అరగంట గందరగోళం. మర్నాడు భూస్థాపన దగ్గర ఒకాయన నాకు వినపడేలా “ఇదివరకు ఇట్టా ఉండేది కాదు” అన్నాడు. సిగ్గు పడాల్సిన విషయం ఏంటంటే, ఆమాట వింటే నాకు బాధ కంటే ముందు సంతోషం కలిగింది.

ఆ తర్వాత డిసెంబరులో ఆ సంతోషానికి మందు పడింది. మేం చేసిన ప్రతి ఏడూ ఇరవయ్యో తేదీ దాటాక వెలిగే నక్షత్రం, ఆ కుర్రాళ్ళు పదిహేనుకే కట్టేశారు. బట్టల పంపకంలో ప్రతిసారీ ఉండే తగువు ఈసారి లేదు. ఆడవాళ్ళు ముందే ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏం కావాలో రాసుకున్నారు. ఎంత తేలిక పని! నాకు ఎనిమిదేళ్ళలో తట్టలేదు. ఆరోజు వెనక బల్లమీద కూర్చుని కేరల్స్ వింటుంటే, నేను లేకపోయినా నడుస్తోందని సంతోషించాలో, ఇన్నాళ్ళూ నడవనివ్వనిది నేనేనేమోనని దిగులు పడాలో తెలియలేదు.

ఇంట్లో సంగతి రాయడం దీనికంటే కష్టం. మనిషి ఇంటికి వచ్చేస్తే ఇల్లు సర్దుకుంటుందని నేననుకున్నాను. సోమవారం సాయంత్రం ఆరున్నరకే నేను ఇంట్లో ఉంటే ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. వాళ్ళ ముగ్గురికీ ఒక పద్ధతి ఉంది, అందులో నాకు చోటు లేదు. ఏడింటికి వాళ్ళు సీరియల్ చూస్తూ తింటారట, నాకు తెలియదు. నేను టీవీ ఆపి “అందరం మాట్లాడుకుందాం” అన్నాను. ముగ్గురూ నా మొహం చూశారు. అమ్మాయిని చదువు గురించి అడిగాను: ఎన్ని పాఠాలయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఎప్పటికి పూర్తి చేస్తావు. “నాన్నా, ఇది కమిటీ కాదు” అంది. మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

ఒక గురువారం సెలవొస్తే ఒంగోలు ప్రార్థన కొండకి తీసుకెళ్ళాను. 1854లో కొత్త సంవత్సరం నాడు మిషనరీ జ్యూవెట్ దొరగారూ కొద్దిమందీ తెల్లవారుజామున ఎక్కి ఆ పట్టణం కోసం ప్రార్థన చేసిన కొండ. పిల్లలకి చూపించాలని నాకు సరదా. పైకి ఎక్కగానే వేరే సంఘం సెక్రటరీ ఒకాయన కనబడ్డాడు. వాళ్ళ మందిరానికి రేకులా శ్లాబా అనే చర్చ. ముప్పావుగంట తర్వాత తిరిగి చూస్తే మా వాళ్ళు ముగ్గురూ దిగిపోయి కింద చెరుకురసం తాగుతున్నారు. మా ఆవిడ ఖాళీ గ్లాసు చూపించి, “నీకు చెప్పలేదు, మీటింగులో ఉన్నావని” అంది. ఆ తర్వాత నుంచి కొత్తపట్నం సముద్రానికి వెళ్తున్నాం. అక్కడ ఎవరూ పలకరించరు. అబ్బాయి ఇసుకలో గూడు కడతాడు, నేను పక్కన కూర్చుని తడి ఇసుక అందిస్తాను. ఇసుక అందించడంలో నాకు అనుభవం ఉంది కదా.

అమ్మాయి మాత్రం తేలిగ్గా దగ్గరికి రాలేదు. పదో తరగతి పరీక్షలప్పుడు రోజూ సెంటరు దగ్గర దింపాను. బండి మీద వెనక కూర్చుని పెదవులు కదుపుతూ చదువుకునేది, నాతో మాట్లాడేది కాదు. లెక్కల పరీక్ష రోజు దిగి రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. “ప్రార్థన చెయ్యి” అంది. నాకు దీర్ఘప్రార్థనలు చెయ్యడం బాగా అలవాటు. ఆ గేటు దగ్గర, పిల్లల గోలలో, నా నోటికి ఒక్క మాట రాలేదు. తన తలమీద చెయ్యి పెట్టి ఊరుకున్నాను. “చాల్లే” అని పరిగెత్తింది.

వేలం సీజను మొదలయ్యాక సోమవారాలు మళ్ళీ జారాయి. దానికి సంఘం ఏం చేస్తుంది, అది పొట్టకూటి పని. కానీ ఆఫీసు నుంచి తొమ్మిదింటికి బయటపడి నేరుగా ఇంటికే పోవడం నేర్చుకున్నాను. దారిలో మందిరంలో లైటు వెలుగుతుంటే బండి తనంతట తనే ఆగేది మొదట్లో. ఇంట్లోకి రాగానే ఫోను బియ్యం డబ్బా మీద పెట్టాలి, తినేదాకా ముట్టకూడదు. ఇది మా అబ్బాయి పెట్టిన రూలు. చావు కబురయితే తనొచ్చి చెప్తాడట. రెండుసార్లు తనే ఎత్తి, “వందనాలండీ, నాన్న అన్నం తింటున్నారు, జట్టులో ఫలానా ఆయనకి చెయ్యండి” అన్నాడు. అచ్చం నా గొంతే.

జూన్‌లో పాస్టరు గారికి ఒంట్లో బాగాలేక ఒక ఆదివారం నన్ను వాక్యం చెప్పమన్నారు. నిర్గమకాండం 18వ అధ్యాయం తీశాను. యిత్రో వచ్చి అల్లుడైన మోషేతో, పొద్దున్నుంచి సాయంత్రందాకా నువ్వొక్కడివే కూర్చుంటే నలిగిపోతావు, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టుకో అని చెప్పే ఘట్టం. పని పంచుకోవడం గురించి చెబుదామని ముందురోజు రాత్రి కూర్చుని చదివాను. ఎన్నోసార్లు చదివిందే, ఇంతకు ముందు ప్రసంగంగా చెప్పిందే. ఎప్పుడూ నేను పదమూడో వచనం నుంచి మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి మొదటి నుంచి చదివాను. మామ ఒట్టి చేతులతో రాలేదు. మోషే పంపించేసిన భార్య సిప్పోరానీ, ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని అరణ్యంలో అతని గుడారానికి తెచ్చాడు. పిల్లల పేర్లు కూడా రాసి ఉన్నాయి, గెర్షోము, ఎలీయెజెరు. వాళ్ళని అప్పజెప్పాకే సలహా.

వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకి ఆ వచనాలు చదివి వినిపించాను. చపాతీ తిప్పుతూ విని, “నువ్వు ఇప్పుడు చూశావా అది?” అంది. తను సండే స్కూల్లో ఆ పాఠం ఎన్నోసార్లు చెప్పిందట.

జనవరిలో మళ్ళీ ఎన్నిక వచ్చింది. ఈసారి చేతులెత్తకముందే లేచి, ఇంకొకరిని చూసుకోండి, మినిట్సు రాయడం నేను నేర్పిస్తానన్నాను. మైకు చూసే కుర్రాడిని పెట్టారు. వాడి అక్షరం కోడి గీరినట్టు ఉంటుంది. కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీసి అంటిస్తున్నాడు. వాడికి పెళ్ళయి ఏడాది. వాళ్ళావిడకి ఒక క్యాలెండరు కొనివ్వాలని మా ఆవిడ అంటోంది.

కొత్త సంవత్సరం క్యాలెండరు మా వంటింట్లోనూ ఉంది. అయితే పాలబ్బాయి గేదెల్ని అమ్మేశాడు, ఇప్పుడు ప్యాకెట్లు తెచ్చుకుంటున్నాం, రోజూ రాసే లెక్క లేదు. మొన్న కాగితం తిప్పుతూ చూస్తే ఎక్కడా ఒక్క సున్నా కనబడలేదు.

“రాయడం మానేశావా?” అన్నాను.

“ఏం రాయాలి?” అంది.

రాయాల్సిన పని లేకపోయిందో, రాసి విసుగెత్తిందో అడుగుదామనుకున్నాను. అబ్బాయి కంచాలు పెట్టేశాడు. ఫోను బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చి కూర్చున్నాను.